వ్యసనం, విముక్తి కేంద్రంగా థ్రిల్లర్ నవల రాయడం: తిరుపతి నేపథ్యంతో సమగ్ర మార్గదర్శి

తెలుగు నేరకథల్లో తాగుబోతు పాత్రకు సాధారణంగా రెండు పనుల్లో ఒకటి అప్పగిస్తారు. అర్ధరాత్రి ఏదో ఘోరాన్ని చూసి, పొద్దున చెప్పబోతే ఎవరూ నమ్మని సాక్షిగా నిలబెడతారు; లేదా కథానాయకుడి గతంలో విషాదం ఉందని తెలియజేయడానికి అతడి చేతికి ఒక సీసా ఇస్తారు. ఈ రెండు సందర్భాల్లోనూ సీసాను తీసేసి చూస్తే కథకు పెద్ద లోటు కనిపించదు. వ్యసనం ఇతివృత్తంగా థ్రిల్లర్ రాయదలచుకున్నవారు తమ కథాసంగ్రహానికి మొట్టమొదట పెట్టవలసిన పరీక్ష ఇదే: ఆ పదార్థాన్ని తొలగిస్తే కథ మొత్తం కూలిపోవాలి.

అలాంటి నవలను మొదటి ఆలోచన నుంచి ముద్రణకు ముందు చేసే తనిఖీ వరకు ఎలా నిర్మించుకోవాలో ఇక్కడ వివరిస్తున్నాను. కథాస్థలంగా తిరుపతిని, పాత చిత్తూరు జిల్లాను తీసుకున్నాను. మద్యానికి పూర్తిగా తలుపులు మూసిన కొండ, ఆ కొండ కిందే రాత్రంతా మేలుకుని ఉండే ఊరు, కాసేపు ప్రయాణిస్తే చాలు తగిలే రెండు రాష్ట్రాల సరిహద్దులు, ఈ మూడూ ఒకేచోట కలిసిన ప్రాంతం ఈ ఇతివృత్తానికి ఇచ్చే బలం చాలా ఎక్కువ.

మొదటి అడుగు: నవల అడిగే ప్రశ్నను రాసుకోవడం

చర్చ గాలిలో సాగకుండా ఉండటానికి ఒక ఉదాహరణ కథను అనుకుందాం. తిరుపతి బస్టాండుకు దగ్గరలో ఉన్న ఒక లాడ్జిలో రాత్రి డ్యూటీ చేసే గుమాస్తా ఉన్నాడు. నలభై దాటిన మనిషి, చాలా ఏళ్లుగా రోజూ తాగుతున్నాడు. ఒక ఉదయం లాడ్జి రిజిస్టరులో తన చేతిరాతతోనే ఒక పేరు, గది నంబరు, వచ్చిన సమయం కనిపిస్తాయి. వాటికి ఒక ఆధార్ జిరాక్సు పిన్ను చేసి ఉంటుంది. ఆ మనిషికి గది ఇచ్చిన జ్ఞాపకం మాత్రం అతడికి లేదు. గదిలో ఎవరూ లేరు. రెండు రోజుల తర్వాత ఆ పేరు గల యాత్రికుడిని వెతుక్కుంటూ బంధువులు వస్తారు.

ఇక్కడ రెండు ప్రశ్నలు పుడతాయి. ఆ యాత్రికుడికి ఏమైంది అన్నది మొదటిది. ఈ గుమాస్తా మాటను ఇతరులు, అంతకంటే ముందు అతడే, నమ్మగలరా అన్నది రెండవది. ఏ నేరకథకైనా మొదటి ప్రశ్న సరిపోతుంది. వ్యసనం గురించిన నవలకు రెండవదే వెన్నెముక, ఎందుకంటే వ్యసనం మనిషి దగ్గర అన్నిటికంటే ముందు తీసుకుపోయేది అతడి మాటకున్న విలువను. డబ్బు, ఆరోగ్యం, ఉద్యోగం ఆ తర్వాత పోతాయి. కోలుకోవడమంటే ఆ విలువను ఒక్కొక్క రోజుగా తిరిగి సంపాదించుకోవడం.

కాబట్టి ప్రతి అధ్యాయాన్ని రెండు లెక్కలతో చూడండి. దర్యాప్తులో ఏం దొరికింది, నిగ్రహంలో ఏం పోయింది? ఒకదాని లాభం మరొకదానికి నష్టమయ్యే చోట ఉత్కంఠ దానంతట అదే పుడుతుంది. ఆ రాత్రి సంగతి తెలిసిన ఏకైక మనిషి రోజూ సాయంత్రం ఒక బార్‌లోనే దొరుకుతాడనుకోండి. తాగుడు మానేసి పన్నెండు రోజులైన గుమాస్తా ఆ బల్ల ముందు కూర్చోవలసి వస్తుంది. తుపాకీ అక్కర్లేదు, తరుముకొచ్చే కారు అక్కర్లేదు. ఎదుటివాడు గ్లాసును అతడి వైపు జరిపితే చాలు.

ప్రతినాయకుడి విషయంలో కూడా ఇదే సూత్రం నడపాలి. కథానాయకుడి తాగుడు ప్రతినాయకుడికి అవసరమై ఉండాలి. గుమాస్తాకు రాత్రి ఒంటిగంట దాటితే ఏదీ గుర్తుండదని తెలిసినవాడే ఆ వివరాలు చెప్పి రాయించి ఉంటాడు. అలాంటివాడికి గుమాస్తా మందు మానేయడమే ప్రమాదం. ఇక అతడు బెదిరింపు ఉత్తరాలు పంపడు. ఆప్యాయంగా సీసా పంపుతాడు. కోలుకున్న ప్రతి రోజూ కథానాయకుడిని ఆరోగ్యానికీ అపాయానికీ ఒకేసారి దగ్గర చేస్తుంది. ఈ ఏర్పాటు కుదిరితే నవలలో సగం పని పూర్తయినట్లే.

రెండవ అడుగు: ఏ వ్యసనమో తేల్చుకోవడం

"మత్తుకు బానిస" అని ముక్తసరిగా అనుకుని రాయడం మొదలుపెట్టకూడదు. ఒక్కొక్క పదార్థం ఒక్కొక్క రకమైన కథను తెస్తుంది. మద్యం చట్టబద్ధంగా దొరుకుతుంది, జ్ఞాపకాన్ని చెరిపేస్తుంది, హఠాత్తుగా మానేస్తే ప్రాణం మీదికి తెస్తుంది. గంజాయి మానేసినవారికి చికాకు, నిద్రలేమి, ఆకలి మందగించడం వంటివి ఉంటాయి కానీ ప్రాణాపాయం ఉండదు. అక్కడ ఉత్కంఠ శరీరంలో కంటే సరుకు రవాణాలో, అంటే ఆంధ్ర, ఒడిశా సరిహద్దు కొండల నుంచి దక్షిణానికి దిగే రైళ్లలో, బస్సుల్లో, దాన్ని మోసే కుర్రాళ్ల భయంలో ఉంటుంది.

నొప్పి తగ్గించే ఓపియాయిడ్ ఇంజెక్షన్లకు, మాత్రలకు అలవాటు పడిన నర్సునో మెడికల్ షాపు ఉద్యోగినో తీసుకుంటే కథ స్టాకు పుస్తకాల్లో, లెక్క తేలని ఆంప్యూళ్లలో నడుస్తుంది. వాటిని మానేసినప్పుడు ఆవలింతలు, ముక్కు కారడం, ఒళ్లు గగుర్పొడవడం, కడుపులో మెలి, విరేచనాలు వస్తాయి. ఎంత భయంకరంగా అనిపించినా ఆ దశలో చావు అరుదు. అసలు ప్రమాదం ఆ తర్వాత ఉంటుంది. కొన్ని వారాలు దూరంగా ఉన్న శరీరం పాత మోతాదును తట్టుకునే శక్తిని కోల్పోతుంది. చికిత్స ముగించుకుని ఇంటికి వచ్చిన మనిషి పాత లెక్కప్రకారం తీసుకుంటే ఊపిరి ఆగిపోతుంది. దీనికి విరుగుడుగా పనిచేసే మందు నలాక్సోన్. ఇది తెలిసిన హంతకుడు ఏమీ చేయనక్కర్లేదు, ఎదురుచూస్తే చాలు. ఆన్‌లైన్ జూదాన్ని ఎంచుకుంటే శరీరం సాక్ష్యం చెప్పదు, బ్యాంకు ఖాతా చెబుతుంది.

మన ఉదాహరణలో మద్యమే ఉంది గనుక ఇకపై దాన్నే పట్టుకుని వెళ్దాం.

మూడవ అడుగు: శరీరపు కాలపట్టికను కథకు కాలపట్టికగా వాడటం

థ్రిల్లర్‌కు గడువు కావాలి. బాంబు పేలే సమయమో, విమానం ఎగిరే సమయమో బయటి నుంచి తెచ్చి అతికించే అవసరం ఈ ఇతివృత్తంలో లేదు. ఏళ్లతరబడి రోజూ తాగే మనిషి ఆఖరి గుక్క తాగిన క్షణం నుంచి అతడి శరీరంలోనే ఒక గడువు మొదలవుతుంది. దాదాపు 6 నుంచి 8 గంటల్లో చేతులు వణకడం, చెమటలు, వాంతి వచ్చినట్లుండటం, కారణం లేని గాభరా కనిపిస్తాయి. 12 నుంచి 24 గంటల మధ్య కొందరికి లేనివి కనిపిస్తాయి, వినిపిస్తాయి; అప్పటికీ తానెక్కడున్నాడో అతడికి తెలుస్తూనే ఉంటుంది. మొదటి 48 గంటల్లో ఎప్పుడైనా ఫిట్స్ రావచ్చు. 48 నుంచి 96 గంటల మధ్య కొందరు డెలీరియం ట్రెమెన్స్ అనే స్థితికి చేరతారు: తీవ్రమైన అయోమయం, జ్వరం, గుండె దడ, ఎక్కడున్నాడో ఎవరితో మాట్లాడుతున్నాడో తెలియకపోవడం. వైద్యం అందకపోతే ఇది ప్రాణాలు తీస్తుంది. ఇలా ఆగి ఆగి మళ్లీ తాగినవారికి తరువాతి సారి లక్షణాలు మరింత తీవ్రంగా రావచ్చు.

ఈ గంటలను తిరుమలకు అన్వయించి చూడండి. రద్దీ రోజుల్లో సర్వదర్శనానికి 20 గంటలు దాటి వేచి ఉండవలసి రావడం ఇక్కడివారికి తెలిసిన విషయమే. అలిపిరి తనిఖీ దాటిన తర్వాత కొండ మీద మద్యం, పొగాకు రెండూ నిషిద్ధం. వైకుంఠం క్యూ కాంప్లెక్సులో కంపార్టుమెంటు తలుపు మూసిన తర్వాత మన గుమాస్తా ఆ గదిలోనే ఉండాలి. సెల్‌ఫోను ముందే డిపాజిట్ చేసేశాడు. పాలు, ఉప్మా పంచుతున్నారు, పక్కన గోవింద నామం వినిపిస్తోంది, పిల్లలు నిద్రపోతున్నారు. తొమ్మిదో గంటకు అతడి చేతిలోని పాలగ్లాసు వణకడం మొదలవుతుంది. పద్నాలుగో గంటకు, తాను ఎవరికి భయపడి కొండెక్కాడో ఆ మనిషి అదే కంపార్టుమెంటులో, నాలుగు వరసల అవతల, గుండు చేయించుకుని కూర్చుని ఉన్నట్లు కనిపిస్తాడు. ఆ మనిషి నిజంగా ఉన్నాడా? గుమాస్తాకు తెలియదు, పాఠకుడికీ తెలియదు. రచయితకు మాత్రం కచ్చితంగా తెలిసి ఉండాలి. ఆ అధ్యాయంలో అతడు చూసిన ప్రతి వివరానికీ పక్కన నిజమా భ్రమా అని మీ చిత్తుప్రతిలో గుర్తు పెట్టుకోండి. లేకపోతే వంద పుటల తర్వాత మీరే తడబడతారు.

ఎంత తాగాడు, ఎంతసేపటికి దిగుతుంది అన్న లెక్క కూడా సరిగా ఉండాలి. 180 మిల్లీలీటర్ల క్వార్టర్ సీసాలో, 42.8 శాతం గాఢత లెక్కన, సుమారు 60 గ్రాముల ఆల్కహాలు ఉంటుంది. ఆరోగ్యవంతుడి కాలేయం గంటకు ఇంచుమించు 7 నుంచి 10 గ్రాములు కరిగిస్తుందనుకుంటే ఒక క్వార్టర్ పూర్తిగా దిగడానికి ఆరు నుంచి తొమ్మిది గంటలు పడుతుంది. నిత్యం తాగేవారిలో ఇది కొంత వేగంగా జరుగుతుంది. వాహనం నడిపేవారి రక్తంలో 100 మిల్లీలీటర్లకు 30 మిల్లీగ్రాములు మించితే నేరమని మోటారు వాహనాల చట్టం చెబుతోంది. అర్ధరాత్రి రెండు క్వార్టర్లు తాగించి, తెల్లవారుజామున ఐదింటికి ఘాట్ రోడ్డు మీద పాత్రను స్థిరంగా నడిపించారంటే చదివేవారు ఊరుకోరు.

ఇంకొక విషయంలో మరీ జాగ్రత్తగా ఉండాలని నా గట్టి అభిప్రాయం. తాగేవాడిని గదిలో పెట్టి తాళం వేస్తే మూడు రోజుల్లో బాగుపడతాడన్న సన్నివేశం మన కథల్లో ప్రేమకు నిదర్శనంగా వస్తుంటుంది. పైన చెప్పిన గంటలను బట్టి చూస్తే అది ప్రాణాంతకమైన పని. వైద్యులు ఈ దశలో క్లోర్‌డయాజెపాక్సైడ్, లోరాజెపామ్ వంటి మందులను క్రమంగా తగ్గిస్తూ ఇస్తారు, థయమిన్ విటమిన్ ఎక్కిస్తారు, గ్లూకోజు ఇవ్వవలసి వస్తే దానికంటే ముందే థయమిన్ ఇస్తారు. మీ నవలలో తల్లి కొడుకును గదిలో బంధిస్తే బంధించవచ్చు. కానీ రెండో రాత్రి ఆ తలుపు అవతల ఫిట్స్ శబ్దం వినిపించాలి, రుయా ఆసుపత్రికి పరుగెత్తాలి, ఆ తల్లి చేసిన పని ఎంత ప్రమాదమో పుటల మీద కనబడాలి.

నాలుగవ అడుగు: చెరిగిపోయిన రాత్రిని నిజాయితీగా వాడటం

బ్లాకౌట్ అంటే స్పృహ తప్పడం కాదు. ఆ సమయంలో మనిషి నడుస్తాడు, మాట్లాడతాడు, డబ్బు లెక్కపెడతాడు, రిజిస్టరు రాస్తాడు. మెదడులో హిప్పోక్యాంపస్ అనే భాగం ఆ అనుభవాలను దీర్ఘకాల జ్ఞాపకంగా నమోదు చేయలేకపోవడమే జరిగేది. ఇందులో రెండు రకాలున్నాయి. ముక్కలుముక్కలుగా పోయిన జ్ఞాపకం ఎవరైనా ఒక గుర్తు అందిస్తే కొంత తిరిగి రావచ్చు. మొత్తంగా పోయిన భాగం మాత్రం ఎన్నటికీ రాదు, ఎందుకంటే అది అసలు రాయబడలేదు.

ఇక్కడే చాలామంది రచయితలు పాఠకుడిని మోసం చేస్తారు. పతాక సన్నివేశంలో తలకు దెబ్బ తగలగానే, పాత పాట వినగానే, ఆ రాత్రి మొత్తం సినిమాలా కళ్లముందు తిరుగుతుంది. అలా చేయకండి. గుమాస్తాకు ఆ రాత్రి ఎప్పటికీ తిరిగి రాదని మొదటి రోజే నిర్ణయించుకుంటే మీ కథ బయటి సాక్ష్యం మీద నడవక తప్పదు, అదే నవలకు మేలు. తెల్లవారుజామున రెండు గంటల పద్నాలుగు నిమిషాలకు అతడి ఫోనుకు వచ్చిన యూపీఐ సందేశం, రిజిస్టరులో ఆ ఒక్క వరుసకు మాత్రమే వాడిన వేరే రంగు సిరా, కొన్ని రోజుల తర్వాత తనంతట తానే చెరిపేసుకునే సీసీ కెమెరా రికార్డు, ఆ వేళ జిరాక్సు ఎక్కడ తీశారన్న సందేహం, మెట్ల మీద నిద్రపోయే స్వీపరు చూసిన చెప్పులు. తన గతాన్ని తానే పరాయి మనిషిలా దర్యాప్తు చేసుకోవలసిన స్థితి ఇది. తనకు వ్యతిరేకంగా సాక్ష్యం దొరుకుతుందేమోనని భయపడుతూనే వెతుకుతాడు.

మరొక మెలిక కూడా అందుబాటులో ఉంది. థయమిన్ లోపం బాగా ముదిరితే కోర్సకాఫ్ సిండ్రోమ్ రావచ్చు. అందులో మనిషి జ్ఞాపకంలోని ఖాళీలను తనకు తెలియకుండానే కల్పనతో నింపుకుంటాడు, అబద్ధమాడాలన్న ఉద్దేశం ఉండదు. కథానాయకుడికి కాకుండా అతడితో ఏళ్లుగా తాగిన ముసలి స్నేహితుడికి దీన్ని పెట్టి, కీలక సాక్షిగా నిలబెట్టండి. ఆయన చెప్పేది పూర్తి నమ్మకంతో చెబుతాడు, వివరంగా చెబుతాడు, ప్రతిసారీ కొంచెం మార్చి చెబుతాడు.

ఐదవ అడుగు: ఊరిని కథలోకి తేవడం

తిరుపతిని గోపురం, లడ్డూ, జనసమ్మర్దంతో సరిపెట్టేస్తే ఆ స్థలానికి అన్యాయం చేసినట్లే. ఈ ఇతివృత్తానికి ఇక్కడ అన్నిటికంటే విలువైనది నా దృష్టిలో కాణిపాకం. చిత్తూరుకు సుమారు 12 కిలోమీటర్ల దూరంలో, బాహుదా నది ఒడ్డున వెలసిన వరసిద్ధి వినాయకుడి ఎదుట ప్రమాణం చేసి అబద్ధమాడితే శిక్ష తప్పదని ఈ ప్రాంతమంతా నమ్ముతుంది. ఊళ్లలో తగవు వచ్చినా, రాజకీయాల్లో ఆరోపణ వచ్చినా "కాణిపాకంలో ప్రమాణం చేస్తావా?" అన్న సవాలు వినిపిస్తుంది. తాగుడు మానేస్తామని అక్కడ ప్రమాణం చేసి వెళ్లేవారూ ఉన్నారు.

మొదటి భాగంలో గుమాస్తాను భార్య కాణిపాకం తీసుకువెళ్లి ప్రమాణం చేయిస్తుంది. అతడు తొమ్మిది రోజుల్లో దాన్ని తప్పుతాడు. పోలీసుల భయం కంటే ఆ తప్పిన ప్రమాణపు భయమే అతడిని ఎక్కువగా వేధించాలి. దాన్ని దాచిపెట్టడానికి అతడు ఆడే అబద్ధాలే అతడి మీద అనుమానాన్ని పెంచాలి. ఆ తర్వాత రెండవ సందర్భం వస్తుంది. తప్పిపోయిన యాత్రికుడి అన్న వచ్చి, నీకేమీ తెలియదని వినాయకుడి ముందు చెప్పు, కేసు వదిలేస్తాను అంటాడు. అమాయకుడైతే ప్రమాణం చేస్తాడు, నేరస్థుడైతే తప్పించుకోజూస్తాడు అని అందరూ అనుకుంటారు. గుమాస్తా అమాయకుడే కావచ్చు, అయినా ప్రమాణం చేయలేడు, ఎందుకంటే తాను ఏం చేశాడో అతడికి తెలియదు. నిజాయితీ మొదలవుతున్న కొద్దీ అతడు నేరస్థుడిలా కనిపిస్తాడు. నవల నడుమ భాగానికి ఇంతకంటే బలమైన మలుపును నేను ఊహించలేను, ఇది ఈ నేల మీద మాత్రమే సాధ్యం.

తాతయ్యగుంట గంగమ్మ జాతరను కూడా ఆలోచించవచ్చు. ఏటా మే నెల ప్రాంతంలో వచ్చే ఆ వారం రోజుల్లో బైరాగి వేషం, బండ వేషం, తోటి వేషం, దొర వేషం, మాతంగి వేషం వంటివి ఒక్కొక్క రోజు వేస్తారు. ముఖాలకు రంగులుంటాయి, మగవారు ఆడవేషంలో తిరుగుతారు. వెంటాడేవాడిని గుర్తుపట్టలేని ఊరు అది. అయితే జాతరను కేవలం రంగుల హంగుగా వాడకుండా, మొక్కు తీర్చుకునే మనిషిగా గుమాస్తాను అందులో నిలబెడితేనే దానికి న్యాయం జరుగుతుంది.

కాలాన్ని ముందే నిర్ణయించుకోండి, ఎందుకంటే మద్యం దొరికే తీరు ఇక్కడ పలుమార్లు మారింది. నెల్లూరు జిల్లా దూబగుంటలో మొదలైన సారా వ్యతిరేక ఉద్యమం తర్వాత 1995 జనవరిలో రాష్ట్రంలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది, 1997లో సడలింది. 2019 అక్టోబరు నుంచి షాపులను ప్రభుత్వమే నడిపింది, 2024 అక్టోబరులో మళ్లీ ప్రైవేటువారి చేతికి వెళ్లాయి. 2022 ఏప్రిల్ 4న తిరుపతి ప్రత్యేక జిల్లా అయింది. కుప్పం, పలమనేరు వైపు కథ నడిపితే కర్ణాటక సరుకు, నాటుసారా, బెల్టుషాపు రావాలి.

ఆరవ అడుగు: చట్టాన్ని సరిచూసుకోవడం

దీనికి ఎక్కువ పుటలు అవసరం లేదు కానీ తప్పులుండకూడదు. తన ఇష్టంతో తాగి చేసిన నేరానికి మత్తు సాకు కాదు. అతడికి తెలియకుండానో బలవంతంగానో మత్తు ఎక్కించి ఉంటే, అప్పుడు తానేం చేస్తున్నాడో తెలుసుకోలేని స్థితిలో ఉంటే మాత్రమే భారతీయ న్యాయ సంహిత 23, 24 సెక్షన్లు అతడికి ఆసరా ఇస్తాయి. ఆ రాత్రి సీసాలో మద్యంతో పాటు ఇంకేమైనా కలిపారా అన్న ప్రశ్నకు కోర్టులో ఇంత విలువ ఉందని గుమాస్తాకు న్యాయవాది చెప్పే సన్నివేశం కథను ముందుకు తోస్తుంది.

గంజాయి కథలైతే మత్తు పదార్థాలను నియంత్రించే 1985 నాటి ఎన్‌డీపీఎస్ చట్టం ప్రకారం ఒక కిలో వరకు చిన్న పరిమాణం, 20 కిలోలు దాటితే వాణిజ్య పరిమాణం. వాణిజ్య పరిమాణానికి పదేళ్లకు తగ్గని శిక్ష ఉంటుంది, బెయిలు చాలా కష్టం. స్వయంగా వాడుతూ పట్టుబడిన వ్యక్తి తనంతట తానుగా గుర్తింపు పొందిన చోట చికిత్సకు వెళ్లి దాన్ని పూర్తి చేస్తే 64ఏ సెక్షను అతడికి విచారణ నుంచి రక్షణ ఇస్తుంది, మధ్యలో మానేస్తే ఆ రక్షణ పోవచ్చు. చికిత్సలో నిలబడటమే జైలుకు బయట నిలబడటం అన్నమాట.

2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మద్యం, మత్తు పదార్థాల వల్ల వచ్చే మానసిక స్థితులను కూడా తన పరిధిలోకి తీసుకుంది. రోగిని గొలుసులతో కట్టడాన్ని ఆ చట్టం నిషేధించింది. చికిత్సా కేంద్రాన్ని చీకటి కొట్టుగా చూపదలచుకుంటే అది చట్టాన్ని అతిక్రమిస్తున్న కేంద్రమని కథలో స్పష్టంగా ఉండాలి. అన్ని కేంద్రాలూ అలాగే ఉంటాయన్న భయం చదివేవారిలో మిగిలితే, చికిత్సకు వెళ్లవలసిన ఒక మనిషిని మనం ఆపినవాళ్లమవుతాం.

ఏడవ అడుగు: ఇంటివారు

తాగేవాడి ఇంట్లో అందరూ అతడి తాగుడు చుట్టూ ఒక వ్యవస్థ కట్టుకుని ఉంటారు. భార్య జీతం రోజు లాడ్జి దగ్గరికి వచ్చి నిలబడుతుంది, తల్లి చీరకొంగులో ముడివేసిన నోటు ఇస్తుంది, బావమరిది ఓనరుకు సర్దిచెబుతాడు. కొందరు అతడికి తెలియకుండా కూరలో మానిపించే మాత్ర కలుపుతారు. డైసల్ఫిరామ్ అనే ఆ మందు లోపల ఉండగా తాగితే ముఖం ఎర్రబడి, గుండె దడదడలాడి, వాంతులై, రక్తపోటు పడిపోతుంది. ఆఖరి మాత్ర వేసిన రెండు వారాల వరకు కూడా ఈ ప్రమాదం ఉండవచ్చు. మనిషి అంగీకారంతో, వైద్యుడి పర్యవేక్షణలో మాత్రమే ఇవ్వవలసిన మందు అది. భార్య ప్రేమతో చేసిన ఈ పనిని పోలీసులు విషప్రయోగంగా అనుమానించే అధ్యాయం రాయడానికి అవకాశముంది.

కథనం శిష్టభాషలో సాగినా సంభాషణ ఇక్కడి మాటలోనే ఉండాలి.

"ఏమయ్యా, రేత్తిరి యాడికి పోయింటివి?"

"లాడ్జిలోనే ఉండాను కదా."

"ఉండావా? మరి మీ ఓనరు పొద్దన్నే మనిషిని యాల పంపించినాడు, నువ్వు లేవని?"

ఆ ప్రశ్నకు గుమాస్తా దగ్గర సమాధానం లేదు, అబద్ధం కూడా లేదు. అరుపులు, ఏడుపులు అవసరం లేకుండానే ఆమె ఇక అడగడం మానేసి పొయ్యి దగ్గరికి వెళ్లిపోవచ్చు.

ఎనిమిదవ అడుగు: కోలుకోవడాన్ని రెండవ సగంగా రాయడం

చాలా నవలల్లో చికిత్స ఒక పేరాలో ముగుస్తుంది: మూడు నెలలు గడిచాయి, అతడు కొత్త మనిషయ్యాడు. నిజానికి ఉత్కంఠ ఇక్కడి నుంచే చిక్కబడాలి. మొదటి వారాల్లో ఒక రకమైన ఉత్సాహం వస్తుంది, అన్నీ జయించేశానన్న ధీమా కలుగుతుంది. తర్వాత నిద్ర పట్టదు, రోజులు చప్పగా ఉంటాయి, దాచుకున్న అవమానాలన్నీ మెలకువగా ఉన్న బుర్రలోకి వరుసగా వస్తాయి. ఆకలి, కోపం, ఒంటరితనం, అలసట మనిషిని మళ్లీ సీసా దగ్గరికి తీసుకుపోతాయని చికిత్సలో నేర్పుతారు. రాత్రి డ్యూటీ చేసే గుమాస్తాకు ఈ నాలుగూ ఒకే వేళలో వస్తాయి.

1935లో అమెరికాలోని ఏక్రన్ పట్టణంలో మొదలై 1957 నాటికి మన దేశానికి వచ్చిన, తాగుడు మానదలచినవారు సమావేశాల్లో ఒకరికొకరు తోడుగా నిలిచే ఆల్కహాలిక్స్ అనానిమస్ అనే సంఘపు పన్నెండు మెట్ల పద్ధతి థ్రిల్లర్‌కు చాలా అనువైనది. నాలుగవ మెట్టులో తన తప్పుల జాబితా రాసుకోవాలి, ఐదవ మెట్టులో దాన్ని మరొక మనిషికి చెప్పాలి, ఎనిమిది, తొమ్మిది మెట్లలో తాను గాయపరిచిన వారిని గుర్తించి, వారికిగానీ ఇతరులకుగానీ హాని కలగని మేరకు సరిదిద్దుకోవాలి. గుమాస్తా రాసుకున్న ఆ నోటుపుస్తకం పోలీసులకు దొరికితే? భార్యాభర్తల మధ్య మాటలకు, న్యాయవాదితో చెప్పిన మాటలకు చట్టంలో ఉన్న రక్షణ స్పాన్సర్‌తో, అంటే ఆ సంఘంలో అతడికి తోడుగా ఉండే పాత సభ్యుడితో, చెప్పిన మాటలకు లేదు. క్షమాపణ చెప్పుకోవడానికి అతడు ఒక పాత సహోద్యోగి ఇంటికి వెళ్తాడు. ఆ మనిషి అతడికి తెలియకుండానే ఆ రాత్రికి సంబంధించిన ఆధారం చేతిలో పెడతాడు. కోలుకోవడానికి వేసిన అడుగే దర్యాప్తులో అడుగవుతుంది.

మళ్లీ తాగడాన్ని గురించి ఒక మాట. అది కథలో ఉండవచ్చు, ఉండకపోవచ్చు. ఉంటే మాత్రం షాక్ కోసం పెట్టకండి. మనిషి గ్లాసు పట్టుకోవడానికి చాలా రోజుల ముందే మళ్లీ తాగడం మొదలవుతుంది: సమావేశానికి వెళ్లడం మానేస్తాడు, పాత దారిలో ఇంటికి వస్తాడు, చిన్న అబద్ధం చెబుతాడు. ఆ చిన్న గుర్తులను యాభై పుటల ముందు నుంచి చల్లుతూ రండి. ఒక గ్లాసు తాగిన తర్వాత "ఎట్లాగూ తప్పేసినాను కదా" అన్న ఆలోచనే అతడిని మిగతా సీసాలోకి తోస్తుంది; ఆ క్షణంలో ఎవరో ఒకరు ఫోను ఎత్తడమో ఎత్తకపోవడమో నవల గమనాన్ని నిర్ణయించవచ్చు.

తొమ్మిదవ అడుగు: ముగింపు

నేరం తేలాలి, నేరస్థుడు బయటపడాలి; థ్రిల్లర్ చదివేవారికి అది మనమిచ్చిన మాట. కానీ వ్యసనం తేలిపోకూడదు. యాత్రికుడికి ఏమైందో రుజువైన తర్వాత కూడా గుమాస్తాకు ఆ రాత్రి గుర్తు రాదు, తన చేతిరాతను తాను చూసి నమ్మడం నేర్చుకోవలసిందే. తాగుడు శాశ్వతంగా మానేశాడని ప్రకటించకండి. యాత్రికుడి అన్న మళ్లీ కాణిపాకం సవాలు విసిరినప్పుడు ఈసారి గుమాస్తా ఏం చెప్పగలడు, ఏం చెప్పలేడు అన్నది ముందే నిర్ణయించుకుని, మిగతా నవలను ఆ సమాధానం వైపు వెనక నుంచి రాసుకుంటూ రావడం నేను సూచించే పద్ధతి.

పదవ అడుగు: తిరగరాత, తనిఖీ

మొదటి ప్రతి పూర్తయ్యాక దాన్ని ముగ్గురితో చదివించండి. ఒకరు మానసిక వైద్యుడు. మందుల పేర్లు, గంటలు, లక్షణాలు ఆయన చూస్తారు. రెండవవారు స్టేషను పని తెలిసినవారు; మనిషి తప్పిపోయాడన్న ఫిర్యాదు ఎలా నమోదవుతుందో, లాడ్జి రిజిస్టరును ఎవరు స్వాధీనం చేసుకుంటారో వారు చెబుతారు. మూడవవారు కొన్నేళ్లుగా మద్యానికి దూరంగా ఉన్న మనిషి. ఆయనకు ఇచ్చేముందు తాగే సన్నివేశాలు ఏ పుటల్లో ఉన్నాయో చెప్పండి, చదవడం ఇష్టం లేకపోతే వదిలేయమనండి. సమావేశాల్లో విన్న ఎవరి జీవితాన్నీ, ఆనవాళ్లు మార్చి అయినా, అనుమతి లేకుండా నవలలోకి తీసుకోకండి; పేరు బయటపడదన్న భరోసాతోనే వారు అక్కడ నోరు విప్పుతారు.

తిరగరాతలో తాగే సన్నివేశాలన్నిటినీ వరుసగా పక్కనపెట్టి చదవండి. మొదటి గుక్క రుచి, వెచ్చదనం ఎంత వర్ణించారో, మర్నాటి ఉదయం కూడా అంత వర్ణించారా చూడండి. మత్తు పదార్థం ఎలా తయారవుతుంది, ఎంత మోతాదు ఎలా తీసుకోవాలి, తనిఖీ కంటపడకుండా ఎలా తీసుకుపోవాలి అన్నవి కథకు అవసరం లేదు, తీసేయండి.

చివరి పుటలో సహాయం కోరేవారికి రెండు నంబర్లు ఇవ్వండి: మత్తు విముక్తికి జాతీయ హెల్ప్‌లైను 14446, మానసిక ఆరోగ్యానికి టెలిమానస్ 14416. ముద్రణకు పంపే వారంలో ఆ రెండింటికీ స్వయంగా ఫోను చేసి, తెలుగులో మాట్లాడేవారు దొరుకుతున్నారని నిర్ధారించుకున్న తర్వాతే ఆ పుటను ఖాయం చేయండి.